పిండి ముద్దలో పన్ను

బోధన్ నుంచి సాలూర వెళ్లే దారిలో ఒక ఊరు. ఆ ఊళ్లో భూమేష్ ఇంటి ముందు, ఫాల్గుణంలో ఒక ఉదయం, పాము లేచి ట్రంపెట్‌ను కొట్టింది. ట్రంపెట్ అయాజ్ పన్నును కొట్టింది. పన్ను ఊడి బజారులో పడింది.

పాము పేరు రాజనర్సు. భూమేష్‌కు బామ్మర్ది, ఆ రోజు పెళ్లికొడుకైన భూమేష్ కొడుకు సాయిరాంకు మేనమామ. సిరికొండలో ఎరువుల దుకాణం నడుపుతాడు. దుకాణంలో కూర్చున్నప్పుడు ఆయన గొంతు పక్క దుకాణానికి వినిపించదు. పెళ్లిళ్లలో మాత్రం పాము డ్యాన్సు ఆయనదే. ఆయన చేయకపోతే ఆ పెళ్లి అయినట్టు చుట్టాలు ఒప్పుకోరు.

పాము డ్యాన్సుకు ఒక పద్ధతి ఉంది. పాము అయ్యేవాడు దస్తీని పళ్ల మధ్య పట్టుకుని నేల మీద పడుకుంటాడు. రెండు చేతులూ తల మీద కలిపి పడగ చేస్తాడు. బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు పాములవాడవుతాడు. బుగ్గలు నింపి, నడుము వంచి, ట్రంపెట్ మూతిని పాము ముఖం దాకా దించి ఊదుతాడు. సుర్, అంటే స్వరం, పైకి పోయేకొద్దీ పాము మెల్లగా లేవాలి. పాము మోకాలు మడిచిందంటే లేవబోతోందని లెక్క. అప్పుడు పాములవాడు ఒక అడుగు వెనక్కి వేయాలి. అయాజ్‌కు ఇరవై ఆరేళ్లు. మీసం రాకముందు నుంచీ పాములను లేపుతున్నాడు.

ఆ రోజు పాము మోకాలు మడవలేదు. పెళ్లికొడుకు కారెక్కే వేళయిందని ఎవరో పటాకుల లడీ ముట్టించారు. లడీ పాము తోక దగ్గర పేలింది. రాజనర్సు ఎలా లేచాడో ఆయనకే తెలియదు. ఆయన నడినెత్తి ట్రంపెట్ మూతికి తగిలింది. అటు చివర ఉన్న మౌత్‌పీస్ అయాజ్ పై పెదవిలోకి దిగింది.

ట్రంపెట్ ఆగింది. డ్రమ్ముల వాళ్లు వెనక ఉన్నారు, వాళ్లకు కనపడలేదు, కొడుతూనే ఉన్నారు. చుట్టాలు ఇదీ డ్యాన్సులో భాగమే అనుకుని ఎగురుతూనే ఉన్నారు. అయాజ్ ఎర్రకోటు వేసుకున్నాడు కాబట్టి నెత్తురు కూడా ఎవరికీ తెలియలేదు. బ్యాండు మాస్టర్ దస్తగిర్ ఒక్కడే చేతిలో కర్ర దించి మేనల్లుడి దగ్గరికి వచ్చాడు. నోరు తెరవమన్నాడు. పై వరసలో ముందు పన్ను ఉండాల్సిన చోట గుంత ఉంది.

దస్తగిర్ ఆ గుంతను చూసి నేల మీద కూర్చున్నాడు.

ఆయన కూర్చోవడానికి కారణం ఉంది. ట్రంపెట్ ఊదేవాడు మౌత్‌పీస్‌ను పెదవి మీద ఆనిస్తాడు. పెదవి ముందు పళ్ల మీద ఆనుతుంది. వెనక పన్ను లేకపోతే పెదవి లోపలికి పోతుంది, పై సుర్ రాదు. దస్తగిర్ ఒకప్పుడు బోధన్‌లో పేరున్న ట్రంపెట్. మోర్తాడ్‌లో ఒక బారాత్ అయ్యాక బ్యాండు వ్యాను మెట్టు మీంచి జారి రెండు ముందు పళ్లు పోగొట్టుకున్నాడు. ఊడిన పళ్లను కోపంతో కాల్వలోకి విసిరేశాడు. ఆ తర్వాత కట్టుడు పళ్లు పెట్టించుకుని, ట్రంపెట్ మేనల్లుడికి ఇచ్చి, తాను కర్ర పట్టుకున్నాడు. అయాజ్‌కు వేరే పని రాదు. నేర్చుకోమంటే ఎన్నడూ నేర్చుకోలేదు. పెదవి వెనక పన్ను నిలవకపోతే అతని చేతికీ కర్రే వస్తుంది, లేకపోతే లైట్ల బండి తోసే పని వస్తుంది.

కట్టుడు పళ్లు చేసిన డాక్టర్ ఉమైమా దవాఖాన బోధన్‌లో బస్టాండు దగ్గర ఉంది. కొలతలు తీసుకున్న రోజు ఆమె ఊడిన పళ్లు ఏం చేశావని దస్తగిర్‌ను అడిగింది. కాల్వ సంగతి చెబితే, అవి పాలల్లో వేసుకుని ఆ పూటే వస్తే మళ్లీ అక్కడే పెట్టేదాన్ని కదా అంది. ఆమె వేళాకోళానికి ఆ మాట అందనుకుని దస్తగిర్ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు నేల మీద కూర్చునే జేబులోంచి ఫోను తీశాడు.

డాక్టర్ మొదట పన్ను సంగతి అడగలేదు. పిల్లవాడు తెలివి తప్పాడా, వాంతి చేసుకున్నాడా, దవడ కదులుతోందా, మిగతా పళ్లు కలిపి కొరికితే ఎప్పటిలాగే కలుస్తున్నాయా అని అడిగింది. దస్తగిర్ ఒక్కొక్కటీ అయాజ్‌ను అడిగి చెప్పాడు. శుభ్రమైన గుడ్డ మడిచి, గుంత మీద పెట్టి కొరికి పట్టుకోమంది. తర్వాత వయసు అడిగింది. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదని, కింద మొలిచే పన్నుకు దెబ్బ తగులుతుందని, ఇది పక్కా పన్ను కాబట్టి పెట్టాల్సిందేనని చెప్పింది. గంటలోపు దవాఖానకు చేరాలంది.

అప్పుడు అసలు ప్రశ్న వేసింది. పన్ను ఎక్కడుంది?

దస్తగిర్ స్పీకర్ పెట్టి ఫోను పైకెత్తాడు. డ్రమ్ములు ఆగాయి. పెళ్లివారంతా వంగి బజారులో వెతకడం మొదలుపెట్టారు. పటాకుల కాగితాలు, బంతి రేకులు, చిల్లర, ఎవరిదో చెవి కమ్మ దొరికాయి. కమ్మ తనదంటే తనదని ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చారు. పన్ను దొరకలేదు. భూమేష్ భార్య పుష్పలత పిడికెడు పసుపు తెచ్చి అయాజ్ నోట్లో అద్దబోయింది. దస్తగిర్ చెయ్యి అడ్డం పెట్టాడు. లవంగం పెట్టమని ఒకరు, ఉప్పునీళ్లు పుక్కిలించమని ఒకరు, కల్లు పుక్కిలిస్తే నొప్పి తెలియదని ఒకరు అన్నారు. చివరి సలహాకు మద్దతు ఎక్కువ వచ్చింది.

వంట పందిరి దగ్గర నిలబడి హన్మవ్వ ఇదంతా చూస్తోంది. ఆమె భూమేష్ తల్లి. చేతులకు అంటిన పిండి కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"ఏం దేవులాడుతున్రు?" అని అడిగింది.

"పన్ను అవ్వా. అయాజ్ పన్ను."

"గదా. గది నేను పెట్టాల్సిన కాడ పెట్టిన. రెండు నెలలల్ల కొత్తది మొలుస్తది, ఊకోండ్రి."

పెట్టాల్సిన చోటు ఏదో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పిల్లల పన్ను ఊడితే బర్రె పెండ ముద్దలో పెట్టి ఇంటి మీదికి విసరాలి. విసిరితే కొత్త పన్ను వస్తుంది. హన్మవ్వ బజారులో మెరిసిన పన్నును అందరికంటే ముందు చూసింది. నెత్తురు కారుతున్న పిల్లవాణ్ని చూసింది. అతని తల్లి అక్కడ లేదు కాబట్టి ఆ పని తానే చేయాలనుకుంది. ఇంట్లో పెండ లేదు. బర్రెను అమ్మేసి చాలా రోజులైంది, పాలు పాకెట్లలో వస్తున్నాయి. పూరీల కోసం కలిపిన గోధుమ పిండి ఉంది. అందులోంచి నిమ్మకాయంత తీసుకుని, పన్ను లోపల పెట్టి, ముద్ద చేసి, ఇంటి పెంకుల మీదికి విసిరింది. చేతులు కడుక్కోవడానికి పోతుంటే వెతుకులాట మొదలైంది.

"అమ్మా, వాడు పోరడు కాదే," అన్నాడు భూమేష్. "గా వయసుకు మళ్ల మొలుస్తదా?"

"ఈ ఇంట్ల అందరి పండ్లు గా పెంకుల మీదనె ఉన్నయ్. నీయి, నీ చెల్లెండ్లయి, సాయిగానియి. ఒక్కటన్న రాకుంట ఉన్నదా?"

ఫోనులోంచి డాక్టర్ గొంతు వినిపించింది. ఏ పిండి అని అడిగింది. గోధుమ పిండి అని దస్తగిర్ చెప్పాడు. తడిగా ఉందా అని అడిగింది. పూరీలది, మెత్తగా ఉంటుందన్నాడు.

"ఎండితే పన్ను పోయినట్టే, చాచా. పిండి ఎండకముందే దింపుండ్రి."

పెళ్లివారంతా తల ఎత్తి ఇంటి కప్పు వైపు చూశారు. కప్పు మీద కోతులు కూర్చుని ఉన్నాయి.

కోతులు ఉండటంలో వింతేమీ లేదు. తెల్లవారినప్పటి నుంచి వంటవాళ్లు వాటిని పొయ్యి దగ్గరికి రానివ్వకుండా పిండి ముద్దలు కప్పు మీదికి విసురుతూ మేపుతున్నారు. అందువల్ల పెంకుల మీద ముద్దలు చాలా ఉన్నాయి. కొన్ని కోతుల చేతుల్లో ఉన్నాయి, కొన్ని బుగ్గల్లో ఉన్నాయి. ఏ ముద్దలో పన్ను ఉందో కింది నుంచి చెప్పే దారి లేదు.

నిచ్చెన తెచ్చారు. రాజనర్సు ఎవరూ చెప్పకముందే ఎక్కాడు. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయన ఎవరి ముఖమూ చూడలేదు. పెంకులు పగిలితే నువ్వే కప్పించాలని భూమేష్ కింది నుంచి అన్నాడు. రాజనర్సు పైనుంచి, ముందు నీ అమ్మ ఎటు విసిరిందో అడుగు బావా అన్నాడు. హన్మవ్వ ఇంటి మీదికి విసిరానని చెప్పింది. ఇంటి మీద ఎక్కడని అడిగితే, ఇంటి మీదంటే ఇంటి మీదనే, అంతకంటే ఏం చెప్పాలంది.

అయాజ్ గుడ్డ కొరికి పట్టుకుని ఉన్నాడు, మాట్లాడకూడదు. అతను హన్మవ్వ ముందు నిలబడి చెయ్యి తిప్పి చూపించాడు. ఒకసారి చూపించాడు, మళ్లీ చూపించాడు.

కోతుల్ని రాళ్లతో కొట్టమంటున్నాడని ఒకరు అన్నారు. అయాజ్ తల అడ్డంగా ఊపాడు. క్రికెట్ అని ఒక చిన్నపిల్ల అంది. కాదన్నట్టు చెయ్యి ఊపి, వంట పందిట్లోకి పోయి చిన్న పిండి ముద్ద తెచ్చి హన్మవ్వ చేతిలో పెట్టాడు. ఆమె ఇందాక నిలబడ్డ చోటు చూపించాడు. కప్పు చూపించాడు. కారు పక్కన బాసింగంతో నిలబడ్డ పెళ్లికొడుకు సాయిరాంకు అర్థమైంది. అవ్వా, ఇందాక ఎట్లా విసిరావో అట్లాగే మళ్లీ విసరమంటున్నాడని చెప్పాడు. ఇది ఎక్కడ పడితే అదీ అక్కడే పడి ఉంటుందన్నాడు.

హన్మవ్వకు ఈ లెక్క నచ్చింది. ఉత్త పిండి ఐతే బరువు సరిపోదంది. పన్నంత ఉన్న చింతగింజ తెప్పించి ముద్దలో పెట్టింది. ఇందాకటి చోట నిలబడింది. ఇందాక ఎడమ చేత్తో కొంగు పట్టుకున్నానని గుర్తొచ్చి కొంగు పట్టుకుంది. జనం వెనక్కి జరిగారు. విసిరింది.

ముద్ద పెంకుల దాకా పోలేదు. ఒక కోతి దాన్ని గాల్లోనే పట్టుకుంది. క్యాచ్ అని వెనక నుంచి ఎవరో అన్నారు. పెళ్లికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. దస్తగిర్ వాళ్ల వైపు చూసేసరికి మానేశారు.

ఇంకో చింతగింజ పెట్టి విసిరిన రెండో ముద్ద కోతుల మీదుగా పోయి, పెంకుల మీద పడి, రెండు వరసల మధ్య కాల్వలో దొర్లి, డిష్ యాంటెన్నా కాలు దగ్గర ఆగింది. రాజనర్సు పెంకుల మీద పాకుతూ అటు పోయాడు. యాంటెన్నా కాలు దగ్గర రెండు ముద్దలు ఉన్నాయి. రెండూ ఒకే కొలతలో ఉన్నాయి. అవతల వైపు నుంచి వాటి మీద చెయ్యి వేయబోతున్న ఒక కోతి ఉంది. మందలో పెద్దది అదే.

రాజనర్సు చేతిలో కర్ర లేదు. రాయి లేదు. హుష్ అంటే కోతి పళ్లు చూపించింది. దాని పళ్లన్నీ ఉన్నాయి. రాజనర్సు తనకు వచ్చిన పని చేశాడు. పెంకుల మీద బోర్లా పడుకున్నాడు, రెండు చేతులూ తల మీద కలిపి పడగ పట్టాడు, బుస కొట్టాడు. మెల్లగా లేవడం మొదలుపెట్టాడు.

కింద డ్రమ్ముల వాళ్లకు పాము లేస్తుంటే ఊరుకోవడం అలవాటు లేదు. దరువు వేశారు.

కోతి ఒక అడుగు వెనక్కి వేసింది. పాము ఇంకాస్త లేచింది. కోతి కప్పు అంచు దాకా పోయి, అక్కడి నుంచి పక్కింటి గోడ మీదికి దూకింది. మిగతావి దాని వెంట పోయాయి. ఈసారి జనం కొట్టిన చప్పట్లను దస్తగిర్ ఆపలేదు.

దిగడానికి రెండు చేతులూ కావాలి. ముద్దలు రెండు. చొక్కాకు జేబు లేదు. రాజనర్సు ఆలోచించి, చెరొక ముద్దను చెరొక బుగ్గలో పెట్టుకున్నాడు. అది చూసి పుష్పలత కింది నుంచి తమ్ముణ్ని మింగొద్దని వేడుకుంది. దస్తగిర్ ఫోనులో డాక్టర్‌కు జరిగింది చెప్పాడు. ఉమ్ములో ఉంటే మంచిదేనని, కానీ నమలొద్దని, మాట్లాడొద్దని ఆమె చెప్పింది. ఆ రెండు మాటలనూ యాభై మంది ఒకేసారి పైకి అరిచి చెప్పారు. రాజనర్సు తల ఊపుతూ నిచ్చెన దిగాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ట్రంపెట్ ఊదుతున్నప్పుడు అయాజ్ ముఖం అట్లాగే ఉంటుందని చిన్నపిల్ల అంది.

హన్మవ్వ దోసిట్లోకి రెండు ముద్దలు వచ్చాయి. మొదటి దాంట్లో చింతగింజ ఉంది. రెండో దాంట్లో పన్ను ఉంది. వేరుతో సహా ఉంది, విరగలేదు, పిండి తడి ఆరలేదు.

తర్వాత అంతా డాక్టర్ చెప్పినట్టు జరిగింది. పన్ను తెల్లభాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. వేరును ముట్టకూడదు, వేరుకు అంటుకున్న పొర బతికి ఉంటేనే దవడ దాన్ని మళ్లీ పట్టుకుంటుంది. తోమకూడదు, గీకకూడదు, గుడ్డతో తుడవకూడదు. కొద్దిగా నీళ్లు పోసి పిండి కడగాలి. ఇప్పుడే గుంతలో పెట్టగలిగితే ఇంకా మంచిదంది. తన వల్ల కాదని దస్తగిర్ అన్నాడు. అయితే పాలల్లో వేసుకుని రమ్మంది. పుష్పలత గ్లాసు నిండా పాలు తెచ్చింది. మరిగించి, చక్కెర వేసి, ఇలాచీ దంచి తెచ్చింది. గాయమైన పిల్లవాడికి చప్పిడి పాలు ఎలా ఇస్తామంది. పాలు తాగేది పిల్లవాడు కాదు, పన్ను అని భూమేష్ చెప్పాడు. చల్లనివి, చక్కెర లేనివి కావాలన్నాడు. పెరుగు తోడు కోసం ఫ్రిజ్‌లో దాచిన పాకెట్ కత్తిరించి స్టీలు గ్లాసులో పోశారు. పన్ను అడుగుకు చేరింది.

ఇక బండి కావాలి. బజారు సన్నగా ఉంటుంది. బస్సు, ట్రాక్టర్లు, బ్యాండు వ్యాను అన్నీ ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అన్నిటికంటే ముందు పూలు కట్టిన పెళ్లికొడుకు కారు ఉంది. దాన్ని తీస్తే తప్ప ఏదీ కదలదు. సాయిరాం తలుపు తీశాడు. పెళ్లికూతురి ఊరు జక్రాన్‌పల్లి పోవాలంటే బోధన్ మీది నుంచే పోవాలి, ఎక్కమన్నాడు. ముందు పెళ్లికొడుకు, వెనక అయాజ్, దస్తగిర్, వాళ్ల మధ్య గ్లాసుతో హన్మవ్వ కూర్చున్నారు. గ్లాసును ఆమె ఎవరికీ ఇవ్వలేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా గ్లాసుతో పాటు తానూ లేచింది. చెరుకు ట్రాక్టర్ ఒకటి దారికి అడ్డం వచ్చింది. పెళ్లి కారు చూసి డ్రైవర్ పక్కకు తీసి, శుభమని ఒక చెరుకు గడ కిటికీలోంచి అందించాడు. అయాజ్ దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

వెనక ఏం జరిగిందో వాళ్లకు బోధన్ వచ్చాక తెలిసింది. పెళ్లికొడుకు కారు కదిలితే పెళ్లి కదిలినట్టే. బస్సు డ్రైవర్ కారును చూసి బస్సు తీశాడు. బస్సును చూసి ట్రాక్టర్లు కదిలాయి. బ్యాండు వ్యానూ కదిలింది. బస్టాండు దగ్గర కారు ఆగగానే అందరూ దిగారు. పెళ్లికొడుకు దిగితే మేళం మోగాలి. డ్రమ్ములు మోగాయి. సాయిరాం బాసింగంతో, హన్మవ్వ పాలగ్లాసుతో దవాఖాన మెట్లు ఎక్కుతుంటే, బజారులో నిలబడ్డవాళ్లు పెళ్లికూతురు డాక్టరమ్మ అనుకున్నారు. వరసలో కూర్చున్న ఒక ముసలాయన వాచిన దవడ పట్టుకుని, ఇవాళ పళ్లు చూస్తారా, భోజనాలేనా అని కాంపౌండర్‌ను అడిగాడు.

డాక్టర్ ఉమైమా గ్లాసు వైపు ఒకసారి, గ్లాసు పట్టుకున్న ఆమె వైపు ఒకసారి చూసి అయాజ్‌ను కుర్చీలో కూర్చోబెట్టింది. మత్తు ఇచ్చింది. గుంతను కడిగింది. ఎముక విరగలేదని చూసుకుంది. పన్నును పాలల్లోంచి తెల్లభాగం పట్టుకుని తీసి, మరోసారి కడిగి, గుంతలో ఆనించి, వేలితో మెల్లగా నెట్టింది. అది లోపలికి పోయి పక్క పన్నుతో సమంగా నిలబడింది. సన్నని తీగ ఒకటి ఆ పన్నుకూ అటూ ఇటూ ఉన్న పళ్లకూ కలిపి తెల్లని మందుతో అతికించింది. నేల మీద పడింది, కప్పు మీద పడింది, మనిషి నోట్లో తిరిగింది అంటూ ధనుర్వాతం రాకుండా సూది వేసింది, మాత్రలు రాసింది. రెండు వారాలు తీగ ఉండాలంది. మెత్తని తిండి తినాలి, మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. లోపలి నరం బతకదు కాబట్టి దాన్ని తీసి శుభ్రం చేయాలి. ముందు పళ్లతో ఏదీ కొరకకూడదు, చెరుకు జోలికి పోకూడదు.

అయాజ్ అవన్నీ విన్నాడు. తర్వాత పెదవుల ముందు పిడికిలి పెట్టి, మూడు వేళ్లు ఆడించి చూపించాడు.

"నేను చెప్పేదాకా ట్రంపెట్ ముట్టొద్దు," అంది డాక్టర్. "పన్ను పట్టుకుంటదా లేదా ఇప్పుడే చెప్పలేను. ఎండలేదు, గంటలోపు తెచ్చిన్రు. నేను చెయ్యాల్సింది చేసిన. ఇగ దవడ చెయ్యాలె."

అయాజ్ వేళ్లు దించుకున్నాడు. హన్మవ్వ కుర్చీ దగ్గరికి వచ్చి అతని నోట్లోకి తొంగి చూసింది. పన్ను ఉండాల్సిన చోట పన్ను ఉంది.

"సెప్పిన్నా లేదా," అంది. "ఇంటి మీదికి ఇసిరితె పన్ను వస్తదని."

పిండి ఎండకపోవడం అదృష్టమని, ఇంకోసారి ఇలా జరిగితే కప్పు మీదికి కాదు, నేరుగా పాలల్లో వేయాలని డాక్టర్ ఆమెకు వివరించింది. హన్మవ్వ శ్రద్ధగా విని, రెండు నెలలు పడుతుందనుకుంటే పూట కూడా పట్టలేదని బయట కూర్చున్న ముసలాయనకు చెప్పింది.

బ్యాండుకు ట్రంపెట్ లేదు. డ్రమ్ములతోనే పోదామని భూమేష్ అన్నాడు. దస్తగిర్ మేనల్లుడి ఒళ్లో ఉన్న ట్రంపెట్ తీసుకున్నాడు. కట్టుడు పళ్లు గట్టిగా నిలిచే మందు ఏమైనా ఉందా అని డాక్టర్‌ను అడిగాడు. ఆమె ఒక ట్యూబు ఇచ్చింది. జక్రాన్‌పల్లిలో పెళ్లికూతురి వాళ్ల వీధి చివర ఆయన ట్రంపెట్ పెదవికి ఆనించాడు. పై సుర్‌లు రాలేదు. వాటి జోలికి ఆయన పోలేదు. కింద ఉన్న నాలుగైదు సుర్‌లతో, మెల్లగా, పాట తెలిసినవాళ్లు తామే మిగతాది పాడుకునేలా ఊదాడు. జనం ఆ నడకలోనే ఎగిరారు. ముహూర్తానికి అందుకున్నారు. అయాజ్ తాళాలు కొట్టాడు.

రాజనర్సు ఇక తాను ఎగరనన్నాడు. పాము లేకుండా పెళ్లి ఎలా అవుతుందని చుట్టాలు పట్టుబట్టారు. భూమేష్ కారులోంచి చెరుకు గడ తీసి, ఒక కొన బామ్మర్ది పడగకు, ఒక కొన దస్తగిర్ ట్రంపెట్‌కు ఆనించి, ఇంత దూరం దాటొద్దని చెప్పాడు. గడను డ్యాన్సు అయ్యేదాకా మధ్యలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఊళ్లో ఇప్పుడు పాము డ్యాన్సు అంటే మధ్యలో చెరుకు గడ ఉంటుంది. పటాకులు ముట్టించేవాణ్ని పాము లేచేదాకా ఇంట్లో కూర్చోబెడతారు.

తీగ తీసిన రోజు అయాజ్ ట్రంపెట్ వెంట తీసుకెళ్లాడు. డాక్టర్ అది చూసి ఇంకా లేదంది. నరం తీసి మందు నింపిన రోజూ లేదంది. ఉగాది పోయింది. పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. తాళాలు కొట్టీ కొట్టీ అయాజ్ చేతులు కాయలు కాచాయి. రాత్రి పూట మౌత్‌పీస్ ఒక్కటే చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాడని దస్తగిర్ డాక్టర్‌కు ఫోను చేసి చెప్పాడు.

వైశాఖంలో ఒక ఉదయం ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పన్నును అటూ ఇటూ కదిపి చూసింది. కదలలేదు. ఎక్స్‌రే ఫోటో తీసి వేరు చుట్టూ చూసింది. తర్వాత అద్దం పిడితో పక్క పన్ను మీద కొట్టి, ఈ పన్ను మీద కొట్టి, చెవి పెట్టి విన్నది. దవడ ఎముక వేరును అతుక్కుని తినేస్తుంటే చప్పుడు ఇనుము మీద కొట్టినట్టు వస్తుందని, మామూలుగా ఉంటే పక్కదానిలాగే వస్తుందని చెప్పింది. మళ్లీ కొట్టబోయింది. అయాజ్ చెయ్యి ఎత్తాడు.

"రెండూ ఒక్కటే సుర్, డాక్టర్ సాబ్."

ఆమె మరోసారి కొట్టి విన్నది. సరేనంది. మెల్లగా, కొద్దికొద్దిగా, పై సుర్‌లకు తొందర పడకుండా అని ఇంకా ఏదో చెబుతుండగానే అయాజ్ ట్రంపెట్ తీసుకుని మెట్ల మీదికి వెళ్లిపోయాడు. జేబులోంచి ఫోను తీసి హన్మవ్వకు చేశాడు. స్పీకర్ పెట్టి మెట్టు మీద నిలబెట్టాడు. మౌత్‌పీస్ పెదవికి ఆనించాడు. పెదవి పన్నుకు ఆనింది, లోపలికి పోలేదు. కింది సుర్ ఊదాడు. దాని పై సుర్ ఊదాడు. బస్టాండులో బస్సు ఎక్కుతున్నవాళ్లు ఆగి ఇటు చూశారు. డాక్టర్ తలుపు దగ్గరికి వచ్చి చాలు అంది. అతను ఇంకొకటి ఊదాడు.

ఫోనులోంచి హన్మవ్వ గొంతు వచ్చింది.

"ఊదు బిడ్డా, మంచిగున్నది. ఆడ మా రాజనర్సు లేడు గద? సుట్టూ సూస్కోని ఊదు."